మధ్యాహ్నానికి ముందు

(కుట్టనాడులో ఒక చిన్న ఊరి ఆసుపత్రి. శవపరీక్ష ముగించి చేతులు కడుక్కుంటున్న పెద్ద డాక్టరమ్మ ఏలియమ్మ దగ్గరికి, చనిపోయిన భార్గవన్ తమ్ముడు వాసవన్ వచ్చి నిలబడ్డాడు. కల్లుగీత అతని వృత్తి.)

“అవి దెబ్బలు కావు వాసవా. పోలీసులకీ అదే చెప్పాను. మీ అన్నని ఎవరూ కొట్టలేదు.”

“మరి ముఖం అంత నల్లగా...”

“ప్రాణం పోయాక రక్తం కిందికి దిగుతుంది. ఒళ్ళు ఏ వైపు నేలకి ఆనితే ఆ వైపు పేరుకుంటుంది. అది చూసి మీ పక్కింటివాళ్ళు నువ్వు కొట్టావనుకున్నారు.”

“అనుకోనివ్వండి. నేను అడగడానికొచ్చింది అది కాదు. ఎప్పుడు పోయాడు?”

“కాగితంలో రాస్తాను. స్టేషన్లో ఇస్తారు.”

“కాగితం నాకెందుకమ్మా. నోటితో చెప్పండి. పొద్దున్నా, మధ్యాహ్నమా, సాయంత్రమా?”

“గడియారం చూసినట్టు చెప్పడం కుదరదు. ఒళ్ళు ఎంత చల్లబడిందో చూస్తే కొంత తెలిసేది. మీరేమో పోలీసులు వచ్చేలోపే ఐసు పెట్టెలో పెట్టేశారు.”

“మస్కట్ నుంచి అక్క రావాలి గదా. ఊళ్ళో ఎవరు పోయినా ముందు పెట్టెకే ఫోన్ చేస్తాం.”

“తెలుసు. మా ఇంట్లోనూ అంతే. అందుకే ఒంటి చల్లదనాన్ని లెక్కలోకి తీసుకోలేదు. కీళ్ళ బిగువునీ సగమే నమ్మాను. చలికి ఆ బిగువు సడలకుండా ఉండిపోతుంది.”

“ఇంకేం మిగిలింది మరి?”

“ఆ నలుపు మిగిలింది. పొట్ట మిగిలింది. స్టేషన్లో నువ్వు ఏమని చెప్పావు?”

“సాయంత్రం చెట్లు దిగి వచ్చి చూస్తే మంచం మీద పోయి ఉన్నాడని.”

“వెల్లకిలానా?”

“వెల్లకిలానే.”

“వాసవా.”

“చెప్పండి.”

“వెల్లకిలా పోయినవాడికి వీపు నల్లబడాలి. మీ అన్నకి ముఖం, ఛాతీ నల్లబడ్డాయి. చాలాసేపు బోర్లా పడి ఉన్నాడు. ఆ తర్వాతే ఎవరో తిప్పారు.”

“నేనే తిప్పాను. కింద పడి ఉన్నాడు. ఎత్తి మంచం మీద పడుకోబెట్టాను. మంచం మీంచి కింద పడి చనిపోయాడంటే ఊళ్ళో ఏమంటారు?”

“మధ్యాహ్నం గంజి తాగించానన్నావు. పొట్టలో మెతుకు లేదు.”

“పెట్టాను. తాగాడో లేదో చూడలేదు.”

“చూడకుండా ఎలా పెట్టావు?”

“పక్కన పెట్టి వెళ్ళాను.”

“ఎక్కడ? కింద పడి ఉన్న మనిషి పక్కనా?”

“మీకు వాడు తెలీదు డాక్టరమ్మా. చెట్టు మీంచి పడి ఒళ్ళు చచ్చుబడినా నోరు చచ్చుబడలేదు. నేను చెట్టెక్కి కల్లు ఊరడానికి గెల తడుతుంటే మంచంలోంచే ఆ చప్పుడు విని అరిచేవాడు. కల్లు గీస్తున్నావా, గుళ్ళో చెండ డోలు మోగిస్తున్నావా అని.”

“నవ్వుతున్నావు.”

“నవ్వొచ్చేది. అప్పుడప్పుడు. తక్కిన రోజుల్లో... కోపమొస్తే ఎలాగో దొర్లి కింద పడేవాడు. నేను పరిగెత్తుకొచ్చి ఎత్తాలి, బతిమాలాలి. వాడికి అదో ఆట.”

“నిన్న కూడా ఆటే అనుకున్నావు.”

“నిన్న ఎత్తకూడదనుకున్నాను. ఒక్కరోజు. ఒక్కరోజు ఎత్తకపోతే బుద్ధొస్తుందనుకున్నాను.”

“పలకరించలేదా?”

“లేదు.”

“కదిలాడా?”

“చూడలేదన్నాను గదమ్మా. గంజి పెట్టాను, తలుపు వేశాను, వెళ్ళిపోయాను. ఇంతకీ ఎలా పోయాడు? అది చెప్పండి.”

“మెడలో బలం లేని మనిషి. ఎంతసేపని తల ఎత్తి ఉంచుతాడు? అలసిపోయి ముఖం కింద పరిచిన చాపలోకి వాలిపోయింది. ఊపిరాడలేదు.”

“ఒక్కసారిగానా?”

“కాదు. మెల్లగా.”

“అందుకే అడుగుతున్నాను. మధ్యాహ్నం నేను వచ్చేసరికి ఉన్నాడా, పోయాడా?”

“నలుపు గట్టిపడిన తీరు చూస్తే, నువ్వు తిప్పేసరికి ప్రాణం పోయి ఆరు గంటలైనా అయి ఉండాలి. నువ్వు గంజి పెట్టేసరికే పోయి ఉండొచ్చు.”

“ఉండొచ్చా, పోయాడా?”

“కొంచెం అటూ ఇటూ అవుతుంది వాసవా. అందరి ఒళ్ళూ ఒకలా ఉండదు.”

“అటా, ఇటా? అది చెప్పండి చాలు.”

“మధ్యాహ్నానికి ముందే. అలాగే రాస్తాను. నీ మీద జాలితో కాదు. నేను చూసింది అదే చెబుతోంది.”

“నేను వచ్చేసరికే పోయాడు.”

“అవును.”

“ఎత్తినా లాభం లేకపోయేది.”

“లేకపోయేది. ఇంక ఇంటికి వెళ్ళు. అక్క వచ్చే వేళయింది.”

“చదువుకున్నవాళ్ళు మీరు. ఎన్ని శవాల్ని చూసుంటారు. మీరంటే అదే నిజమై ఉండాలి గదమ్మా?”

“ఎందుకలా అడుగుతున్నావు?”

“మరి నేను గంజి పెట్టి తలుపు వేస్తుంటే, ‘చలేస్తోంది వాసూ, ఆ ఫ్యాన్ కాస్త ఆపి పోరా’ అన్నదెవరు?”