ముప్పై ఒక్క ఆలస్యాలు

కీలుంగ్ రేవుపట్నం, 1994. బాలికల వృత్తి పాఠశాలలో క్రమశిక్షణ గది. ఆఖరి గంట కొట్టేశారు. లేటుగా వచ్చేవాళ్ళ పేర్లు రాసే విద్యార్థినుల గేటు కమిటీ నాయకురాలు పెయ్‌రూ, కమిటీని చూసుకునే చ్యూ సారు తప్ప గదిలో ఎవరూ లేరు.

"అందుకే చెప్తున్నాను సార్. గేటు పుస్తకంలో వెన్‌చీ పేరు పక్కన రాసిన లేట్లన్నీ అబద్ధాలు."

"అన్నీనా?"

"అన్నీ. ముప్పై ఒకటీ."

"ముందు కూర్చో. జుట్టంతా నీళ్ళు కారుతోంది. గొడుగేదీ?"

"వద్దు సార్, నిలబడతాను. నాకు దాని మీద కోపం. ఏడున్నరకి ముందే వచ్చినా లేటు అని రాశాను. నన్ను శిక్షించండి. బడిలోంచి తీసేసిన దాని పేరు మళ్ళీ ఎక్కించండి."

"కోపం దేనికి?"

"అంటే... హార్మోనికా క్లబ్బులో దాన్ని ముందు వరసలో నిలబెట్టారు. నన్ను వెనక్కి నెట్టారు."

"నువ్వా క్లబ్బు మానేసి ఏడాదైంది కదమ్మా. గేటు కమిటీలోకి వచ్చినప్పుడే మానేశావు. ఆ కాగితం మీద సంతకం నాదే."

"ఆ ముందటి కోపం సార్."

"ముందటి కోపం ఏడాది పాటు దాచి, ఈ సెప్టెంబరులో మూత తీశావా. ముల్లంగి ఊరగాయలాగా."

"వేళాకోళం కాదు సార్."

"నేనూ నవ్వట్లేదు. పెయ్‌రూ, పొద్దున్న గేటు దగ్గర నీ వెనక నాలుగడుగుల దూరంలో నిలబడేదెవరు?"

"మీరే."

"గంట కొట్టాక, గేటు సగం మూశాక, ఆ పిల్ల మెట్లెక్కి రావడం నేను చూళ్ళేదా?"

"చూశారు."

"నువ్వు రాసిన టైము తప్పా?"

"కాదు."

"మరి?"

"అదే సార్ నా బాధ. తప్పు రాసుంటే దిద్దొచ్చు. నిజం రాశాను. దాన్నెట్లా దిద్దను?"

"నువ్వు రాయకపోతే కమిటీలో ఇంకో పిల్ల రాసేది."

"ఇంకో పిల్ల రాసుంటే నేను దాన్ని తిట్టుకుని ఇంటికి పోయేదాన్ని. ఇప్పుడు ఎవర్ని తిట్టుకోను? క్లాసులో నాతో ఎవరూ మాట్లాడట్లేదు సార్. పొద్దున వచ్చేసరికి నా బల్ల మీద గేటు దగ్గర ఊదే ఈల పెట్టుంది. పక్కన సుద్దతో రాశారు."

"ఏమని?"

"ఇంకెవర్ని ఊదేస్తావు అని."

"ఎవరు రాశారు?"

"చెప్పను."

"పెయ్‌రూ."

"చెప్పను సార్. ఇంక నేను ఎవరి పేరూ ఎవరికీ చెప్పను. ఇదిగో చేతి పట్టీ. ఇదిగో పుస్తకం."

"అక్కడ పెట్టకు, తడిసిపోతుంది. ఇటివ్వు. చూడమ్మా, ముప్పై దాటితే పేరు తియ్యాలన్నది బడి నియమం. నువ్వు పెట్టిందీ కాదు, నేను పెట్టిందీ కాదు."

"ఆ నియమం పెట్టినవాళ్ళు వెన్‌చీ వాళ్ళ అంగడికి వెళ్ళి చూశారా సార్? వాళ్ళమ్మకి చక్కెర జబ్బు. చూపు పోతోంది. తెల్లారకుండా చేపల బజారుకి పోయి, చేపలు కోసి, ముళ్ళు తీసి, చేప ఉండలకి ముద్ద కొట్టి ఇచ్చేది వెన్‌చీయే. వాళ్ళమ్మ కోస్తే చెయ్యి తెగుతోందని. ఆ పని చేసి వచ్చే పిల్ల నాలుగు నిమిషాలు లేటైతే..."

"తెలుసు."

"తెలుసా?"

"తెలుసు. నువ్వు చెప్పకముందే తెలుసు."

"తెలిసి కూడా పంపించేశారా? సార్, అడుగుతున్నాను."

"టీ తాగుతావా? ఫ్లాస్కులో ఇంకా వేడిగానే ఉంది."

"నాకొద్దు. సార్, సేవ చేస్తే కొట్టేస్తారు కదా. మరుగుదొడ్లు కడిగితే గంటకి ఒక లేటు కొట్టేస్తారు, అది కూడా నియమమే కదా. నేను కడుగుతాను. ముప్పై ఒక్క గంటలు. శనివారాలు వస్తాను, ఆదివారాలు కూడా వస్తాను."

"ఒకరి లేటుకి ఇంకొకరు కడిగితే చెల్లదు."

"అది కడగదు సార్. నేను మొన్న వాళ్ళింటికి వెళ్ళి ఆ సేవకి పెట్టే కాగితం ఇచ్చాను. పేరు నేనే నింపాను, సంతకం పెడితే చాలన్నాను. దాన్ని మడిచి నా జేబులోనే పెట్టేసింది. వానొస్తోంది, ఇంటికి పో అంది. అంతే. నా మొహం కూడా చూళ్ళేదు."

"అలా అందా."

"చిన్నప్పట్నించీ ఒకే వీధి సార్ మాది. ఒక గొడుగులో బడికి వచ్చేవాళ్ళం. నేను కమిటీలో చేరాక పొద్దున్నే రావాలి కదా, అప్పట్నించే విడివిడిగా... ఈ సెప్టెంబరు నించీ ఎదురుగా వచ్చి నిలబడేది. 'రాయి' అనేది. నేను కలం ఆపితే టైము కూడా తనే చెప్పేది. ఏడూ ముప్పై నాలుగు, రాసుకో అని. అందరి ముందూ. ఒకరోజు నేను చూడనట్టు అటు తిరిగాను. భుజం తట్టి మరీ రాయించింది. పొగరనుకున్నాను. నాకు పట్టీ ఇచ్చారని కుళ్ళు అనుకున్నాను."

"నేనూ పొగరనే అనుకున్నాను."

"నిన్న వాళ్ళమ్మ వచ్చింది కదా సార్."

"ఆ సంగతి వద్దు."

"నేను వరండాలోనే ఉన్నాను. అన్నీ విన్నాను. కొట్టండి సార్, ఎండలో నిలబెట్టండి, బడి మాత్రం మాన్పించకండి అంది. పన్నెండేళ్ళుగా దాని బడి సర్టిఫికెట్టు కోసమే కత్తి పట్టుకున్నాను అంది. అంత బతిమాలుతుంటే మీరు కిటికీలోంచి రేవు చూస్తూ నిలబడ్డారు. ఆవిడ సంతకం ఎక్కడ పెట్టాలో తెలీక, పేరు తీసేసే కాగితమంతా తడుముతుంటే, వేలు పట్టుకుని చూపించింది ఆఫీసు గుమాస్తా. మీరు కాదు."

"ఆవిడ ఎట్లా దిగింది కిందికి?"

"నేనే దింపాను. చెయ్యి పట్టుకుని, డెబ్భై రెండు మెట్లూ. చేతికి చేపల వాసన రాకుండా సబ్బుతో రుద్దుకుని వచ్చింది సార్, తెలుస్తోంది. సగం దిగాక ఆగి, ఎంత మంచి పిల్లవమ్మా, నీ పేరేంటి అంది."

"ఏం చెప్పావు?"

"వేరే పేరు చెప్పాను. మీకేం సార్. మీరు కిటికీలోంచి రేవు చూసుకోవచ్చు."

"కూర్చో పెయ్‌రూ. ఈసారి చెప్తే కూర్చోవాలి. ఊఁ. ఇది ఈ గది దాటి పోకూడదు."

"ఏంటి సార్?"

"ముప్పై ఒకటో లేటు రాసిన రోజు గుర్తుందా?"

"శుక్రవారం."

"ఆ సాయంత్రమే ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళాను. ఇంటి పరిస్థితి చెప్పాను. ఆయన ఒప్పుకున్నారు. ఆఫీసు రిజిస్టరులో ఉన్నవన్నీ కొట్టేశాను."

"అన్నీనా?"

"అన్నీ. సోమవారం ఆ పిల్లని పిలిచి చెప్పాను కూడా. ఇంక నీ మీద ఒక్క లేటు కూడా లేదు, రేపట్నించి కాస్త ముందు బయల్దేరు అన్నాను. సంతోషిస్తుందనుకున్నాను."

"మరి నిన్న ఆవిడ సంతకం దేనికి పెట్టింది? నాకర్థం కావట్లేదు సార్."

"ఎందుకు కొట్టేశారు అని అడిగింది. ఇక్కడే, ఇందాక నువ్వు నిలబడ్డ చోటే నిలబడి. నేను ఎన్నాళ్ళు తిప్పలు పడితే ముప్పై అయ్యాయో తెలుసా అంది."

"తిప్పలా?"

"చేపల పని ఆరింటికే అయిపోతుందట. ఆరున్నరకల్లా మెట్ల కిందికి వచ్చేసేది. సోయాపాల కొట్టు చూరు కింద నిలబడి, గంట మోగిందాకా ఆగి, అప్పుడు ఎక్కేది. ఆ కొట్టువాణ్ణి అడిగాను. రోజూ గంట సేపు నిలబడుతుంది, ఏమీ కొనదు అన్నాడు."

"ఎందుకట?"

"కొట్టేసినవి మళ్ళీ రాయమంది. కుదరదన్నాను. మర్నాడు వచ్చింది, పొమ్మన్నాను. మూడోసారి కేకలేశాను. ఆ తెల్లారి నేనే చేపల బజారుకి వెళ్ళాను. పిల్ల నీళ్ళకి వెళ్ళినట్టుంది. వాళ్ళమ్మ ఒక్కతే ఉంది. ఎడమ చేతికి గుడ్డలు చుట్టుకుని, చేప వీపు వేళ్ళతో తడుముకుంటూ, ఆ వేళ్ళ పక్కనే కత్తి దింపుతోంది. ఎవరో వచ్చారని తెలిసి, మంచి తాజా సరుకు బాబూ అంది."

"వెన్‌చీ ఏమంది సార్? మీతో ఏమని అడిగింది?"

"'నేను బడికి వచ్చాక పగలంతా అమ్మే కోస్తోంది, నా అంతట నేను బడి మానేస్తానంటే చచ్చినా కత్తి వదలదు సార్, బడే నన్ను వెళ్ళగొడితే ఇంక నా చేతికివ్వక ఏం చేస్తుంది' అంది. బజారు నించి తిరిగొచ్చి ఈ తలుపు మూసుకుని, కొట్టేసిన ముప్పై ఒకటీ నా చేత్తోనే మళ్ళీ రాశాను."