మొదటి సర్వీసు అయ్యేదాకా

కాదు వదినా, కొత్త కారుని నేను సర్వీసు సెంటర్లో వదిలేసి బస్సెక్కి వచ్చేశానని మీ తమ్ముడు మీ ఇచల్‌కరంజికి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నారు, బాగానే ఉంది. ఎందుకు వదిలేశానో చెప్పారా? చెప్పరు. అది చెబితే మీరు ఇంతదూరం నాకు బుద్ధి చెప్పడానికి వచ్చేవారా?

కూర్చోండి. ఈ భడంగ్ మరమరాలు తినండి, పొద్దున్నే వేయించాను. మీ తమ్ముడు బయటికెళ్లారు. మీరొస్తున్నారని తెలిసే వెళ్లారు లెండి.

అసలు ఆ కారు ఎవరిది, చెప్పండి? నర్సు ఉద్యోగం చేసి నేను కొనుక్కున్నది. మిరజ్ ఆసుపత్రిలో డ్యూటీ దిగి, చీకటిపడ్డాక ఆ బస్టాండులో తాగుబోతుల మధ్య నిలబడలేకే కదా కొన్నాను. డ్రైవింగు నేర్చుకున్నాను. లైసెన్సు తెచ్చుకున్నాను. వార్డంతా పేడాలు పంచాను.

ఇంటికి తెచ్చిన రోజు మీరూ ఉన్నారుగా. మీ తమ్ముడు నాచేత కారుకి హారతి ఇప్పించి, తాళాలు తన జేబులో వేసుకున్నారు. మీరు నవ్వారు. మిమ్మల్నేం అనను, నేనూ నవ్వాను.

మర్నాడు అడిగితే, "కొత్త ఇంజిన్ మంజిరీ, పసిపిల్లలాంటిది. మొదటి సర్వీసు అయ్యేదాకా ఒక్కరే నడపాలి. చెయ్యి మారితే పాడైపోతుంది" అన్నారు.

నమ్మాను వదినా. ఇంజిన్ల సంగతి నాకేం తెలుసు?

ఆ మాట పట్టుకునే వానలో బస్సు కోసం నిలబడ్డాను. ఒక సాయంత్రం నా కారే నా ముందునుంచి వెళ్లింది. లోపలంతా ఆయన స్నేహితులు. జ్యోతిబా కొండకి వెళ్లొస్తున్నారట. నాకు చోటు లేదు కాబట్టి ఆపలేదట. ఆయనే చెప్పారు, భాకరీ రొట్టె తుంచుకుంటూ, మామూలుగా.

అయినా ఊరుకున్నాను. సర్వీసు అవనీ, ఇంకెన్నాళ్లులే, అనుకున్నాను. ఆ రోజుకి సెలవు పెట్టుకున్నాను. పంజాబీ డ్రెస్సు వేసుకున్నాను, చీరైతే కాళ్లకి అడ్డం పడుతుందని. చూశారా, ఎంత ఆశో.

ఇద్దరం వెళ్లాం. సర్వీసు సెంటర్లో బల్ల దగ్గర పాటిల్ అని ఒకతను. మర్యాదస్తుడు. "మొదటి సర్వీసు ఉచితం మేడమ్, చూసి, కడిగి ఇచ్చేస్తాం, చాయ్ తాగండి" అన్నాడు. నేను ఊరికే, మాట కలపడానికి, "ఇకనుంచి నేను నడిపినా ఇంజిన్‌కేం కాదుగా?" అన్నాను. అతనికి అర్థం కాలేదు. విడమరిచి చెప్పాను. నవ్వు ఆపుకున్నాడు.

"అలాంటిదేం లేదు మేడమ్. మొదటిరోజు నుంచే ఎవరైనా నడపొచ్చు. మీకెవరు చెప్పారు?"

చెప్పినాయన నా పక్కనే కూర్చుని గోడమీద క్యాలెండర్ చూస్తున్నారు.

సరే, అదీ మింగాను. కారు తళతళా కడిగి తెచ్చారు. సంతకం నాదే కావాలన్నారు, పెట్టాను. తాళాలు మాత్రం ఆయన చేతికిచ్చారు. నేను చెయ్యి చాపి, "సర్వీసు అయిందిగా, ఇటివ్వండి" అన్నాను.

మీ తమ్ముడు ఏమన్నారో తెలుసా? "ఇంత రద్దీలోనా? ఎవరినైనా గుద్దితే? రెండో సర్వీసు అవనీ, చూద్దాం" అన్నారు.

పాటిల్ తల దించుకుని కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. దానికే నాకు మండింది. ఆయన మాటకి కాదు, పరాయివాడు నామీద జాలిపడ్డందుకు.

తాళాలు లాక్కున్నాను. అవును, అందరి ముందూ లాక్కున్నాను. "కారు ఇక్కడే ఉంచండి, నేనే వచ్చి తీసుకెళ్తాను" అని పాటిల్‌కి చెప్పి బస్సెక్కాను. మీ తమ్ముడు వెనక బస్సులో వచ్చారు. ఆ రోజునుంచీ మా మధ్య మాటల్లేవు.

పరువు అంటారా? అనండి. మీరు అన్నయ్యగారి స్కూటర్ వెనక కూర్చునే ఇన్నేళ్లు వెళ్లదీశారు, ఇందులో తప్పేముందో మీకు కనిపించదు. కోపం తెచ్చుకోకండి. మీతో కాకపోతే ఎవరితో అంటాను?

ఏంటి? తాళాలు నీ దగ్గరేగా, మరి వారం రోజులనుంచీ ఎందుకు తెచ్చుకోలేదంటారా?

వెళ్లాను వదినా. నిన్నే. ఎవరికీ చెప్పలేదు.

పాటిల్ పాపం నా దగ్గర తాళాలు తీసుకుని కారుని రోడ్డువైపు తిప్పి పెట్టించాడు. ఎక్కి కూర్చున్నాను. స్టార్టు చేశాను. రోడ్డు ఖాళీగానే ఉంది. అయినా కాలు క్లచ్ మీదనుంచి లేవలేదు. డ్రైవింగు పరీక్షప్పుడు ఇలా కాలేదు. వార్డులో మొదటిసారి నెత్తురు చూసినప్పుడూ ఇలా కాలేదు. ఎవరినో గుద్దేస్తానని, ఎవరూ లేని రోడ్డు చూస్తూ కూర్చున్నాను.

గేటు కాపలా ముసలాయన వచ్చి, అద్దంలోంచి తొంగిచూసి, "డ్రైవర్ కోసం చూస్తున్నారా తాయీ?" అని అడిగాడు.

"అవును, మా ఆయన వస్తున్నారు" అన్నాను.

నా నోటితో నేనే అన్నాను. ఇంజిన్ ఆపేసి, మళ్లీ బస్సెక్కి ఇంటికొచ్చాను.

వెళ్లి చెప్పండి మీ తమ్ముడికి. సంతోషిస్తారు.