జంట పలకలు

టాస్మేనియాలో మా ఊరి చెక్కపనుల షెడ్డులో సన్నరంపం మిషను ఆగింది. దాని ముందు ఒంటరి ముసలాయన, పక్కనే ఆయన పొరుగింటి ఒంటరి ఆవిడ.

“నేనడిగింది ఒక్క కూకబరా పిట్టే కదా, నల్లదీ పసుపుదీ రెండు పలకలు ఒకదానిమీద ఒకటి అతికించి కోశావేం?”

“కలిపి కోస్తే రెండు పిట్టలూ ఒక్క కొలతకొస్తాయి. ఆ నల్లచెక్క పిట్టని పసుపు పలకలో పడ్డ కంతలో పెట్టి చూడు.”

“అబ్బ, అచ్చంగా సరిపోయింది! మరి పసుపు పిట్ట?”

“నల్ల పలకలోకి. అది నాకు.”

“జోడీని విడదీసి చెరో ఇంట్లో పెడతామా?”

“నేనూ అదే అంటున్నా... ఒకే ఇంట్లో ఉంటే బాగుంటుందని.”

“నీ అసాధ్యం కూలా! ఈ మాట చెప్పడానికి ఇంత కోత కొయ్యాలా? మా గోడకే మేకులు కొట్టు.”

“మరి నా కుక్క?”

“అది పోయిన వారమే వచ్చి మా సోఫా ఎక్కింది. నువ్వే ఆలస్యం.”