గాలి తీసిన చక్రం

జైతున్‌బీ భయమంతా ఒక్కటే: విమానం చక్రం విప్పబోయి మొగుడు మున్వర్ ప్రాణం మీదికి తెచ్చుకుంటాడని. పెనుకొండ హైవే మీద అతని లారీ రిపేరు షెడ్డు; దాని వెనకవీధిలో ఇల్లు. చంకలో పసిబిడ్డతో గడప లోపలే నిలబడి, చక్రాన్ని షెడ్డులో దించి నీళ్ళకోసం వచ్చిన నారాయణప్పను నిలదీస్తోంది. హిందూపురం మిల్లు సావుకారి చిన్న విమానానికి అతడు కాపలాదారు.

“ముందు ఆ మాట చెప్పన్నా, నీళ్ళు తర్వాత. చక్రానికి గాలి తీసి తెచ్చినావా, లేదా?”

“గొంతెండిపోయింది బీబమ్మా. ఎండ చూస్తివా?”

“తీసినావా?”

“ఏమ్మా, పోలీసు మాదిరి అడుగుతాండావు! నువ్వు చెప్పి పంపితివి కదా. హిందూపురంలోనే సుయ్యిమని తీసేసినా. మా ఎల్లమ్మ తల్లే సాక్షి.”

“యా అల్లా! ఇప్పుడు తాగన్నా. రాత్రంతా నాకు కన్ను మూతపడితే ఒట్టు.”

“చక్రానికి ఇంత భయమా? మున్వర్ ఎన్ని లారీలవి ఇప్పలేదు?”

“అదే నా భయం. లారీదైతే నిండా గాలి ఉన్నా నట్లు ఇప్పొచ్చు, చక్రం ఊడి చేతికొస్తాది. ఇది అట్ల కాదు. రెండు చిప్పలు కలిపి నట్లు బిగించినారు. గాలి ఉండంగా ఇప్పితే చిప్ప ఎగిరి మొగాన కొడతాదంట. పోయినతూరి బెంగుళూరు మెకానిక్ చెప్తాంటే ఇన్నా, టీ ఇయ్యను పోయి.”

“మున్వర్ ఇనలేదా?”

“ఆయన యాడ ఇంటాడు? పాత రంగు గీకుతా తలెత్తలేదు. ఆ తూరి గాలి తీసినంకనే చేతికిచ్చిరి. నేను చెప్తే, ‘పొయ్యికాడ దానివి, నాకు నేర్పుతావా’ అంటాడు.”

“నిజమే కదా, ఐదో క్లాసు మెకానిక్కువి!”

“నవ్వు, నవ్వు. ఐదులో బడి మానిపిచ్చిరి గానీ చెవులు మానిపిచ్చలేదు.”

“కోపం వద్దులేమ్మా. చిప్పలిప్పి కొత్త రంగు కొట్టి, బేరింగులకు గ్రీజు పెట్టి ఇస్తే చాలు. శుక్రవారం సావుకారి ఎగరాలంట.”

“అంత బరువు నువ్వే మోసుకొస్తివా, ఆ నడుముతో?”

“మోసేదేంది? బస్సు టాపు మింద ఏసి, బస్టాండు నుంచి దొర్లించుకుంటా వచ్చినా. పిల్లోళ్ళంతా నా ఎనకాలే, ఉరుసు మాదిరి!”

“దొర్లిస్తివా?”

“ఊఁ.”

“గాలి లేని టైరు దొర్లుతాదా అన్నా?”

“ఇంగో చెంబు పొయ్యమ్మా.”

“అన్నా.”

“రిమ్ము రోడ్డుకు గీరుకుంటాండె. సావుకారి చూస్తే నా తోలు వలుస్తాడు. అందుకని... బస్టాండు ముందర సైకిల్ షాపోడితో...”

“గాలి కొట్టిచ్చినావా?”

“కొంచెమే. టైరు గట్టిపడేంత.”

“మళ్ళా తీసినావా?”

“ఆడ పెట్టి పోన్నా అన్నాడు మున్వర్. అప్పుడే స్పానర్ ఎతుకుతాండె. నేను... మరిచిపోయినా తల్లీ.”

“చెంబు ఆడ పారెయ్! నలభై దినాలు నిండని బాలింతను, గడప దాటితే మా అత్త ఊరుకోదు. దాటుతా, ఏమన్నా కానీ, నీ ఎనకాలే వస్తా. నువ్వు ముందు ఉరుకు. పిలిస్తే పలకడు, చెప్తే నమ్మడు. పోంగానే ఆయన చెయ్యి పట్టుకో, మాట తర్వాత. ఉరుకన్నా, ఎట్లుండాడో చూడు!”