డాక్టరుగారికి భోజనం పిలుపు

అరబ్బు పట్టణం ఇర్బిద్‌లో ఓ ఇంటాయన ఆపరేషన్ బల్ల మీదే కన్నుమూసి నలభై రోజులైంది. ఆపరేషన్ చేసిన ఐర్లండ్ డాక్టరుని భోజనానికి పిలవాల్సిందేనని తల్లి పట్టుబట్టింది. ఇంట్లో ఇంగ్లీషు వచ్చింది కూతురికే. తల్లి తన ఫోను కూతురి చేతిలో పెట్టింది.

“రాయవే.”

“‘శుక్రవారం మీకు వీలైతే’ అని రాశాను.”

“వీలైతే ఏమిటి? వీల్లేకపోతే మానేయమనా?”

“ఇంగ్లీషులో అలాగే పిలుస్తారమ్మా. ఒట్టి ‘రండి’ అంటే హుకుం జారీ చేసినట్టుంటుంది.”

“ఉండనీ. నమాజు అయ్యాక రమ్మను. మన్సఫ్ వండుతున్నామని, పెరుగులో ఉడికించిన మాంసం, అన్నం అని రాయి.”

“‘మిమ్మల్ని క్షమించాం’ అని కూడా రాయమంటావా?” కూతురి గొంతు పదునెక్కింది.

“వద్దు. క్షమించడానికి ఆయనేం తప్పు చేశాడు? మీ నాన్న గుండె తట్టుకోకపోవచ్చని ముందే చెప్పాడు. నువ్వే వినిపించుకోలేదు.”

“అమ్మా, ఇక చాలు.”

“ఆస్పత్రిలో అందరి ముందూ ఆయన్ని హంతకుడన్నావు. అదీ ఇంగ్లీషులోనే. అప్పుడు మాటలు వెతుక్కోలేదే?”

కూతురు ‘వీలైతే’ కొట్టేసి, ‘రండి’ అని పెట్టి పంపేసింది. కాసేపటికి ఫోనులో జవాబు వచ్చింది.

“ఏమన్నాడు?”

“‘నేను రావడం మీ అమ్మాయికి ఇష్టమేనా?’ అని అడుగుతున్నాడు.”

కూతురు ఆ మాట మళ్లీ చదివింది. తర్వాత కళ్లు తుడుచుకుని టైపు చేసింది.

“ఏం రాశావే?”

“‘ఇది రాస్తున్నది నేనే. వంట కూడా నేనే చేస్తాను’ అని.”