కుంటలోకొచ్చిన కప్ప

ఫిల్మ్‌నగర్ బండరాళ్ళ నడుమ చిన్న కుంట. కాపురానికొచ్చిన నాటి నుంచీ దాన్ని కాపాడుకుంటున్న అనసూయమ్మ, కప్పల మీద పరిశోధన చేసే మనవరాలు గీతిక గట్టు మీద కూర్చున్నారు. మధ్యలో మూతపెట్టిన బకెట్.

"మూత తియ్యకు నానమ్మా, ఎగురుతది!"

"ఎగరనియ్. పొద్దుగాల నా కుంటలనే పట్టిన. ఏంది బిడ్డా ఇది, నా చెప్పంత ఉంది?"

"అదే, సినిమావాళ్ళు వానపాటకు తెచ్చి, సెట్టు వెనక గుంటల ఇడిసిపెట్టిపోయిన జాతి. మన కప్పల్ని మింగుతది. ఈ వానలకు నీ కుంటకొస్తదని చెప్పలేదా?"

"చెప్పినవ్. పటంల నా కుంట మీద ఎర్రచుక్క గూడ పెట్టినవ్. మీ సారోళ్ళు ఏమన్నరు?"

"నవ్విండ్రు. కుంటకు ఏ నాలా కలవదు, ఎత్తు మీదుంది, ఎట్లెక్కుతది, నీ లెక్క తప్పు అన్నరు. ఇప్పుడు నవ్వమను! రేపు మీటింగుల ఈ బకెట్ వాళ్ళ ముందర పెడత."

"పెట్టు. నా బిడ్డ గెలిస్తే నాకంటే సంతోషం ఎవరికి? మరి నా కుంట?"

"చాయ్ పెట్టనా నానమ్మా?"

"కుంట సంగతి అడుగుతున్న."

"ఎండగొట్టాలె. గుడ్లు పెట్టిందో ఏమో. నీళ్ళు తోడేసి, సున్నం జల్లుతరు."

"మరి మన కప్పలు?"

"అవి గూడ... పోతయ్. ఏం చేస్తం, రూల్ అట్లుంది."

"రూలా? మీ నాయన పుట్టిన రాత్రి గీ కప్పలే అరిసినయ్. అప్పుడు గీడ కరెంటు లేదు, సినిమాలు లేవు, అన్నీ బండలే. మీ తాత పోయినంక ఆ సప్పుడు వినుకుంటనే కండ్లు మూస్తున్న. మొన్న బిల్డింగోళ్ళు లారీల మట్టి తెస్తే అడ్డం పండుకోలే? గందుకే కదా గేటు పెట్టిచ్చి తాళమేసిన. చెవి నా కొంగుకొకటి, నీకొకటి. మీ నాయనకు గూడ ఇయ్యలే."

"ఎరుకే నానమ్మా... నడు, ఇంట్లకు పోదాం."

"జర ఆగు. నీ గదిల తొట్టిల పెంచుతవే, ఇదే జాతి. వాటి కాళ్ళ గురించి ఏదో చెప్పినవ్."

"ఏం చెప్పిన? యాదికి లేదు."

"నాకున్నది. బయటవాటితోని కలవకుండ, తొట్టివాటికి తొడ తోలు కింద నారింజ రంగు ఎక్కిస్తమన్నవ్. పాపం నొస్తదేమో అని నేనడిగితే, చీమ కుట్టినంతనే అన్నవ్."

"నానమ్మా, బకెట్ ఇటియ్యి."

"తొడ తిప్పి ఆ రంగు చూసినంకనే నిన్ను పిలిచిన."

"ఒక్కటే నానమ్మా! ఒట్టు, ఒక్కదాన్నే ఇడిసిన. అది గూడ మగదే. ఏరి మరీ మగదాన్ని తెచ్చిన, గుడ్లు గిట్ల పెట్టొద్దని. నాలుగేండ్ల పని నానమ్మా, అందరు నవ్వుతుంటే..."

"మగదని తెలిసే, గుడ్లు పెట్టిందేమో అని నా కుంటను ఎండగొడదామన్నవా? తాళంచెవి ఇటియ్యి."