జగన్నాధం గారి కొత్త పేరు

అది కాదు బాబూ, బండి మీ మొకాన కొట్టడానికి వచ్చాననుకున్నారేటి? రామ రామ! మీరిచ్చిన మూడుచక్రాల బండి మా అరుగు మీదే ఉన్నాది, ప్లాస్టిక్ కవరు కూడా ఇప్పనేదు. మా తమ్ముడి కాళ్లు బంగారంలాగున్నాయి, పని సెయ్యనివి సెవులు. సెవినబడనోడికి కాళ్లు లేనోళ్ల బండి ఎందుకిచ్చారని నానడిగానా? సేవ సేసినోళ్లకి సన్మానమన్నారు, రక్తదానం కుర్రోళ్లకి శాలువాలు కప్పినారు, వికలాంగుల్లో ఒకడుండాలని మా ఉపేంద్రని పిలిసి ఆడికీ ఓ శాలువా కప్పినారు. బండి రెడీగా ఉన్నాది, ఇచ్చీసినారు. పోన్లెండి. దాని కోసం రానేదు నాను.

ఆ కందిపప్పు మూట తరవాత సూసుకుందురు. ఒక్క నిమిషం ఇలా తిరగండి.

ఆళ్లు పేసింజరుకి దిగీస్తారు. దిగి తిన్నగా మీ కొట్టు కాడికే వస్తారు. ఎవరేటి బాబూ? మా ఉపేంద్ర మనుషులు. గరివిడోళ్లు, సిగడాం వోళ్లు, పొందూరోళ్లు. ఆదివారం ఆదివారం చీపురుపల్లి టేసను ప్లాట్‌ఫారం మీద కూకుని సేతులాడించుకుంటారే, మీరూ సూసే ఉంటారు. ఎక్స్‌ప్రెస్సు కూతేసుకుంటా పోయినా ఆళ్ల కబుర్లాగవు. అదో సుఖం ఆళ్లకి! ఆళ్లలో ఎవరికి ఒంట్లో బాగోపోయినా, బేంకు పనున్నా, మా ఓడు కుడతన్న జాకెట్టు మిషను మీదే ఒగ్గీసి ఎళ్తాడు. ఆడి ఎనకాల నాను. ఆడు సేతుల్తో అన్నది నాను నోటితో అంటాను, జనం నోటితో అన్నది ఆడికి సేతుల్తో సెప్తాను. సిన్నప్పట్నించీ అదే గదా నా బతుకు.

ఎందుకొస్తన్నారా? మీకు దండెయ్యడానికి.

నవ్వకండి బాబూ. నవ్వే ఇసయం కాదిది. నా గుండెల్లో రాళ్లు పడతన్నాయి.

ఆ రోజు స్టేజీ మీద మా ఓడు మీకొక్కటే సెప్పుకున్నాడు, గేపకముందా? బండి అడగనేదు, శాలువా అడగనేదు. ఆస్పత్రిలో ఓపీ సీటీలిచ్చే కాడ సైగలు తెలిసిన మనిషొకరుండాలన్నాడు. నానే మైకులో సెప్పినాను. ఎన్నేళ్ల బట్టి తిరుగుతన్నాడు దానికోసం! బిందు ఇసయం మీకు తెలీదు. పొందూరు పిల్ల, దానికీ సెవినబడదు, నోరు రాదు. నాలుగో నెల, ఇంకా కడుపు అగుపడదు. నొప్పొస్తందని ఒక్కర్తీ ఎళ్లింది. ఏ ఆస్పత్రన్నది ఇప్పుడెందుకు? పొట్ట సూపించి ఏడిస్తే గేసు మాత్రలిచ్చి పంపీసినారు. ఆ రోజు మేం ఊళ్లో నేం. బిడ్డ నిలవనేదు. దాని మొగుడొచ్చి మా ఓడి కాళ్ల కాడ కూలబడిపోనాడు. అప్పట్నించి ఆడికి అదే యావ.

అంత సెప్పినాక మీరేటన్నారు? మీరు మర్సిపోనారేమో, నాను మర్సిపోనేదు. 'పాపం, దేవుడు ఈ అబ్బాయి నోరు నొక్కేశాడు. అయినా అడుక్కోకుండా జాకెట్లు కుట్టుకుంటున్నాడు. ఇలాంటి అభాగ్యుల్ని చూస్తే మనకి దేవుడెంత ఇచ్చాడో తెలుస్తుంది' అన్నారు. ఆస్పత్రి ఊసే ఎత్తనేదు. జనం సప్పట్లు కొట్టినారు.

ఆ సప్పట్లు మా ఓడికి అగుపడ్డాయి. ఆడు నాకేసి తిరిగి, ఏటన్నారు, ఏటన్నారు అని. మొకం సూడాలి మీరు! ఎలిగిపోతన్నాది. ఇంత మంది సప్పట్లు కొడితే మంచి మాటే అయ్యుంటాది గదా.

నాను సేతులెత్తినాను. జగన్నాధం బాబుగారు ఒప్పుకున్నారు, ఆస్పత్రిలో మనిషిని పెట్టిస్తామన్నారు, అని సెప్పీసినాను.

అవును బాబూ, నానే. అందుకే గదా ఆడు మిమ్మల్ని అంత గట్టిగా కావిలించుకున్నాడు! మీరేమో బండిచ్చినందుకనుకుని పేపరోళ్లకేసి నవ్వినారు.

ఇంకోటి సెప్తాను, కోప్పడకండి. ఆళ్లకి మన పేర్లు పనికి రావు. మనిషికో గురుతు పెట్టుకుంటారు, అదే పేరు. ఇన్నాళ్లూ మీ పేరు ముక్కుపొడుం. ఇదిగో, ఇలాగ రెండు సేతేళ్లు ముక్కు కాడ పెట్టి పీలుస్తారు. సన్మానమైన ఆదివారం మా ఓడు టేసన్లో బెంచీ ఎక్కి ఆ పేరు తీసీసినాడు. కొత్త పేరు ఎట్టినాడు. సెవి మీద సెయ్యేసి గుండె మీదకి తెస్తారు. అంటే ఇన్నాయన అని. ఆళ్ల మాట ఇన్నాయన! సెవులున్న ఏ మనిషికీ అలాటి పేరు పెట్టనేదు ఆళ్లు.

ఊఁ అనండి బాబూ. ఆస్పత్రి కమిటీకి పెద్ద మీరే, మీ మాటకి ఎదురేటున్నాది? జీతం అక్కర్లేదు. నానే కూకుంటాను. వారానికొక్క రోజైనా సరే, ఓపీ కాడ కుర్సీ ఒకటి ఎయ్యనివ్వండి. కుర్సీ కూడా మా ఇంటికాడ్నించే తెచ్చుకుంటాను.

కమిటీలో పెట్టాలా? పెట్టి?

సూద్దాం అంటే ఎప్పుడు సూస్తారు బాబూ?

ఏటీ? ఆ రోజు సెప్పినట్టే మళ్లీ ఏదోటి సెప్పి పంపీమంటారా? బాగా సెప్తావు గదా అంటారా?

బాగుంది. కడుపు సించుకుంటే కాళ్ల మీద పడతాదని ఊరికే అన్నారా పెద్దోళ్లు.

ఇనండి మరి. ఆడు బాధపడతాడని నాను అబద్ధమాడనేదు. అలాగని ఈ వారమంతా నాకు నానే సెప్పుకున్నాను. కాదు. మీ మాటలు నా సేతుల మీదకి రానేదు. ఆడి మొకంలోకి సూస్తా, ఒరే నువ్వు అభాగ్యుడివంట అని ఎలా సెప్పేది? అంత మందిలో నాకే సిగ్గేసింది. నా సిగ్గు దాసుకోడానికి ఆడి కళ్లకి గంతలు కట్టీసినాను. సెవులెలాగూ లేవు, ఆడికున్నవి ఆ కళ్లే గదా బాబూ!

అదిగో, వచ్చీసినారు. మొదటున్నది మా ఓడే. ఆ శాలువా కప్పుకునే వచ్చినాడు, పిచ్చి సన్నాసి. పక్కన బంతిపూల దండ పట్టుకున్నాదే, అదే బిందు. సూడండి, అందరూ సెవి మీద సెయ్యేసి గుండె మీదకి తెస్తన్నారు. మిమ్మల్నే పిలుస్తన్నారు.

లోపలికి ఎళ్లిపోకండి. ఏటనాలో అది ఆళ్ల ముందే అనండి. కుదరదంటే కుదరదనే సెప్తాను. సూద్దామంటే సూద్దామంట అంటాను. ఉన్నది ఉన్నట్టు. ఆ రోజు మీరన్నదీ సెప్పీస్తాను, నానన్నదీ సెప్పీస్తాను.

మీకేటి లెండి, మళ్లీ ముక్కుపొడుం అయిపోతారు, అంతే గదా. నా పేరేటో తెలుసా? పెదాల మీద ఏలు పెట్టి ఇలా ముందుకి తీస్తారు. నోరు. ఆడి నోరు నానేనని ఆడే ఎట్టినాడు, సిన్న గుంటడప్పుడు. ధనలక్ష్మంటే ఆళ్లెవరికీ తెలీదు. ఇయ్యాల్టితో ఆ పేరు తీసీసి నాకేటెడతాడో.

సెప్పండి బాబూ. ఆడు నా సేతులకేసి సూస్తన్నాడు.